నేనెక్కితే లేవని బండి

“ఇంకా నమ్మకం కుదుర్తలేదా, చెల్లె?”

“నేను దిగుతనన్నా. బావ నడుపుతడు.”

గౌస్ మిస్త్రీకీ నాకూ మధ్య జరిగిన చివరి మాటలు ఇవే. ఆయన నా ట్రాక్టరు ట్రాలీలో, గడ్డి మీద పరిచిన దుప్పటి మీద ఛాతీ పట్టుకుని పడుకుని ఉన్నాడు. కోరుట్ల నుంచి జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోవాలి. తాళంచెవి నా చేతిలోనే ఉంది. తిప్పితే ఇంజను అందుకుంటుందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా నేను సీటు మీద నుంచి దిగిపోయాను. ఆయన నన్ను చూసిన చూపులో కోపం లేదు. కోపం ఉంటే నాకు ఇంత సిగ్గు మిగిలేది కాదు.

ఈ పొద్దున సిరిసిల్లలో మా తమ్ముడి ఇంటి ముందు సందులో ఇటుకలు దింపిన పాత ట్రాక్టరొకటి మొరాయించింది. అప్పుడే కరెంటు పోయి, చుట్టుపక్కల నేత సాంచాలు, అంటే మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, సందంతా నిశ్శబ్దంగా ఉంది. డ్రైవరు తాళం తిప్పాడు. ‘టక్’ మని ఒక్క చప్పుడు. ఇంజను తిరగలేదు. మళ్లీ తిప్పాడు. మళ్లీ టక్. ఆ చప్పుడు చెవిన పడగానే, వాకిట్లో నిలబడి ఉన్న దాన్ని, నాకు తెలియకుండానే తలుపు వెనక్కి పోయాను. తమ్ముడి బిడ్డ స్వప్న చూసి, “ఏమైందత్తా, ఎందుకు దాసుకుంటున్నవ్?” అని నవ్వింది. నవ్వకు, చెబుతాను, రాసుకో అన్నాను. నాకు నా పేరు గీకడం తప్ప రాయడం రాదు. నేను చెప్పేదాన్ని ఈ పిల్ల తన చదువుకున్న తెలుగులోకి దిద్దుకుంటూ రాస్తోంది. దిద్దుకోనీ. మనుషులు అన్న మాటలు మాత్రం వాళ్ల నోట్లో నుంచి వచ్చినట్టే ఉంచమని చెప్పాను.

మాది రుద్రంగి దగ్గర పల్లె. మాకు సొంత భూమి చెక్క లేదు, పిల్లలు లేరు. నా భర్త ఒక ఆసామి దగ్గర ట్రాక్టరు నడిపేవాడు. ఆ ఆసామి కొత్తది కొనుక్కున్నాక పాతది మాకు వచ్చింది. దానితోనే ఊరి పొలాలు కిరాయికి దున్నేవాళ్లం. నా భర్త మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. సీటు మీద కూర్చుంటే కింది స్ప్రింగు కిర్రుమనేది. పంట కోసిన బీళ్లలో నన్ను పక్కన నిలబెట్టుకుని నడపడం నేర్పాడు. ఆడదానికి ఇదేం విద్య అని నలుగురూ నవ్వితే, “నాకు జరమొస్తె నువ్వొచ్చి దున్నుతవా మరి?” అని వాళ్ల నోరు మూయించేవాడు. ఒక వానాకాలం ముందు కామెర్లు వచ్చి ఆయన పోయాడు. తాళంచెవి నాకు మిగిలింది. బండి నడిస్తే నా కాళ్ల మీద నేను నిలబడతాను. నడవకపోతే అది నా భర్త అన్న, మా బావ మల్లేశం చేతికి పోతుంది, నేను మళ్లీ పొద్దున లేచి పరాయి చేనులో నాటు వేయడానికి వంగాలి. అప్పుడు నా బతుకంతా ఆ ఒక్క తాళంచెవి దగ్గరే ఉంది.

ఆయన పోయిన కొన్నాళ్లకు రోగం మొదలైంది. నేను ఎక్కి తాళం తిప్పితే ఒక్కోసారి టక్ మనేది, ఒక్కోసారి అదీ లేదు, ముందున్న ఎర్రదీపం కూడా ఆరిపోయేది. చచ్చిన ఎద్దులా పడి ఉండేది. మల్లేశం బావను పిలుచుకొస్తే ఎక్కి కూర్చుని అలా తిప్పేవాడో లేదో, ఇంజను గర్జించేది. ఒకసారి లేచిందంటే ఆపేదాకా బాగానే నడిచేది. ఎప్పుడూ ఇలాగే జరిగితే నేనూ ఒక నిర్ణయానికి వచ్చేదాన్ని. కానీ నడుమ నడుమ నాకు కూడా లేచేది. ఆ అప్పుడప్పుడే నన్ను చంపింది. లేచిన రోజున దేవుడు కరుణించాడనుకునేదాన్ని. లేవని రోజున, పొద్దున్నే ఏ తప్పు చేశానో, ఎవరికి ఎదురుపోయానో వెతుక్కునేదాన్ని. ఊరికి వెతకాల్సిన పని లేకపోయింది. ముండమోసిన చెయ్యి పడితే ఇనుము కూడా చచ్చుబడుతుందని మొదట ఎవరన్నారో తెలియదు, తర్వాత అందరూ అన్నారు. దున్నమని అడగడానికి వచ్చిన వాళ్లు, “బావను తోలియ్యి రాజవ్వా, నువ్వు గెట్టు మీదికి గూడ రాకు” అని మెల్లగా చెప్పి పోయేవాళ్లు. బావ బండి తీసే వేళకు నేను కోళ్ల గూడు వెనక నిలబడేదాన్ని. నా నీడ కూడా బోనెట్టు మీద పడకూడదని చూసుకునేదాన్ని. వాళ్లు అన్నారని కాదు. నేనే నమ్మాను.

గౌస్ మిస్త్రీకి కోరుట్లలో రేకుల దుకాణం ఉండేది. బ్యాటరీ, డైనమో, సెల్ఫు, లైట్లు, బండిలో కరెంటు నడిచే చోటల్లా ఆయనే. సన్నటి మనిషి. బ్యాటరీ నీళ్లు చింది ఆయన లాల్చీ నిండా చిల్లులుండేవి. దవడలో ఎప్పుడూ పాన్ ఉండేది. గొప్పలకు అంతు లేదు. కరీంనగర్ దాకా తన అంత మిస్త్రీ లేడనేవాడు, ఇంకొకడు కట్టిన వైరును చూస్తే ఆ కట్టినవాడి తాతముత్తాతలను కూడా తిట్టేవాడు. తన తప్పు బయటపడితే దాన్ని సైతం కంపెనీ మీదికి తోసేసేవాడు. బావ బండిని ఆయన దుకాణానికి తోలుకుపోయిన రోజు నేను ట్రాలీలో కూర్చుని పోయాను.

“చెప్పు చెల్లె, ఎప్పుడు ఆగుతది? పొద్దుగాలనా, ఎండకా, వాన పడ్డంకనా?” అని అడిగాడు.

“ఎప్పుడంటె గప్పుడే అన్నా” అన్నాను.

“ఎవలు తిప్పితె?”

బావ పాన్ డబ్బా దగ్గరికి పోయి ఉన్నాడు. “ఎవలు తిప్పినా గంతే” అని అబద్ధం చెప్పాను. ఆ మాట పరాయి ఊరిలో, పరాయి మనిషి ముందు నా నోటితో చెప్పుకోలేకపోయాను. ఆయన నా మాట నమ్మి ఇంజనును తిప్పే సెల్ఫు మోటారు విప్పాడు, లోపల అరిగిన బొగ్గు ముక్కలు మార్చాడు. బావ తిప్పితే లేచింది. “ఇగ నీ మనుమలు గూడ దీన్ని నడుపుతరు” అని గొప్పలు పోయాడు. ఇంటికి వచ్చి నేనెక్కితే టక్. మళ్లీ పోయాం. ఈసారి తాళం పెట్టే స్విచ్చు మార్చాడు. మళ్లీ బావకు లేచింది, మళ్లీ నాకు లేవలేదు. చాయ హోటల్ దగ్గర ఆయన తోటి మిస్త్రీలు, “ఏం గౌస్ భాయ్, రుద్రంగి కోడలు ఇంకా కాపురానికి పోతలేదా?” అని మా బండి గురించి ఎగతాళి మొదలుపెట్టారు. గొప్పలు చెప్పుకునే మనిషికి అంతకంటే కోత ఏముంటుంది? మూడోసారి పోయినప్పుడు ఆయన పానా కింద పెట్టి నా ముఖం కేసి చూశాడు. “వైరుకు అబద్ధమాడుడు రాదు చెల్లె. నడుమ నువ్వే ఏదో దాస్తున్నవ్” అన్నాడు. నేను తల వంచుకున్నాను. ఆయన పేరు నా మూలంగా పోతున్నదని నాకు అర్థమవుతూనే ఉంది. అయినా పోయి ట్రాలీ ఎక్కి కూర్చున్నాను.

అప్పుడే తెలంగాణ కోసం పెద్ద సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, కరెంటు ఎప్పుడు వచ్చేదో ఎప్పుడు పోయేదో. దుకాణాలు బంద్. ఒక పొద్దున కోరుట్లలో సభకు పోయి తిరిగొస్తున్న మా ఊరి మనుషుల జీపులో గౌస్ మిస్త్రీ దిగాడు. భుజాన సంచి, చేతిలో కరెంటు చూడటానికి రెండు వైర్లు తగిలించిన బల్బు. “దుకాణం బంద్. ఖాళీగుంటె చెయ్యి దురద పెడ్తది. ఇయ్యాల గీ దొంగ దొరికెదాక నేను లేవ” అని మా వాకిట్లో నులక మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బండి మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు. మంచిగున్న మనిషికి సూది వేసే డాక్టరును కాను, అది అలిగినప్పుడే నేను ముడతాను అన్నాడు. బావను ఎక్కించి తిప్పించాడు, ఆపించాడు, మళ్లీ తిప్పించాడు. పొద్దెక్కే దాకా ఇదే పని. ప్రతిసారీ లేచింది. నేను చాయ గ్లాసు పట్టుకుని కోళ్ల గూడు పక్కన నిలబడ్డాను.

“బావా, నీ మాట మస్తు ఇంటది గీ బండి” అన్నాడు మిస్త్రీ.

“నాకెప్పుడు తిప్పినా లేస్తది మిస్త్రీ. గామె ఎక్కితెనే లేవది” అన్నాడు బావ.

“గామె అంటె?”

“మా రాజవ్వ. ముండమోసిన మనిషి గద. గా చెయ్యి పడితె ఇంకేం లేస్తది? ఊరందరికి ఎరుకే.”

నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. మిస్త్రీ నన్ను ఓదారుస్తాడేమో, బావను తిడతాడేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. నోట్లో పాన్ ఉమ్మేసి మంచం మీద నుంచి ఎగిరి దూకాడు. ముఖం వెలిగిపోతోంది.

“అరే! గీ ముచ్చట మొదటి దినమే చెప్పాలె గద! ఒకలకు లేస్తది, ఒకలకు లేవది! గింత పెద్ద నిశాని కొంగుల ముడేసుకోని నన్ను కోరుట్ల అంగట్ల నవ్వులపాలు జేసినవ్ గద చెల్లె! ఎక్కు.”

“వద్దన్నా.”

“ఎక్కుమంటున్న. నువ్వెక్కకపోతె నాకు దొంగ దొరకడు.”

ప్రహరీ మీద నుంచి ఆడవాళ్లు చూస్తున్నారు. ఎక్కాను. తిప్పాను. టక్. ఎవరో “అగో” అన్నారు. ఆయన నన్ను దింపి తాను ఎక్కాడు. తిప్పాడు. టక్. మళ్లీ తిప్పాడు. టక్. మిస్త్రీ సీటు మీద నుంచే బావ వైపు తిరిగి, “బావా, మా బేగం ఇంట్ల రొట్టెలు చేసుకుంట మంచిగ బతికున్నది. మరి నాకెందుకు లేస్తలేదు? నేను గూడ ముండమోసిన్నా?” అన్నాడు. గోడ మీద ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే, ఇన్నాళ్లూ ఏడ్చింది ఎందుకా అని ఒళ్లంతా సిగ్గుతో వేడెక్కింది.

ఆయన అక్కడ ఆగలేదు. నాకు లేచిన రోజుల్లో ఒళ్లో ఏముందో గుర్తు చేసుకోమన్నాడు. దేవుడికి మొక్కింది గుర్తుంది, తలంటు పోసుకుంది గుర్తుంది. అవి కాదు, ఒళ్లో ఏముంది అన్నాడు. ఆలోచిస్తే తట్టింది. ఒకరోజు మక్క విత్తనాల సంచి, ఇంకోరోజు నిండా నింపిన మందు కొట్టే డబ్బా. సగం యూరియా బస్తా తెప్పించి నా ఒళ్లో పెట్టించాడు. తిప్పాను. ఇంజను అందుకుంది. ఆ చప్పుడు మీద ఆయన అరిచాడు: “నీ మీద దోషం లేదు చెల్లె, బరువు లేదు! అసలు తింటున్నవా నువ్వు?” నా భర్త పోయినప్పటి నుంచి నేను ఒంటిపూటే తింటున్నానని ఆ వాకిట్లో ఎవరికీ తెలియదు. ఒక ట్రాక్టరు అందరికీ చెప్పేసింది.

సీటు విప్పాడు. మా పాత బండికి బ్యాటరీ సీటు కిందే ఉంటుంది. బ్యాటరీ నుంచి బండి ఇనుములోకి కరెంటు తిరిగిపోయే వెడల్పాటి పట్టీ ఒకటుంది, దాన్ని ఎర్తు పట్టీ అంటారు. అది ఉండాల్సిన చోట బోల్టు ఎప్పుడో విరిగిపోయింది. పట్టీ కొసను తెచ్చి సీటు స్ప్రింగు నిలబడే ఇనుప ముక్క కింద దూర్చి, జారకుండా సైకిల్ ట్యూబు ముక్కతో చుట్టి ఉంది. బరువైన మనిషి కూర్చుంటే ఇనుము అదిమి పట్టీ ఆనుతుంది. తేలిక మనిషి కూర్చుంటే సందు మిగులుతుంది. ఆ ట్యూబు చుట్టిన తీరు, రెండు కొసలనూ లోపలికి దోపిన తీరు నేను గుర్తుపట్టాను. మా ఇంట్లో పార పిడికి, నీళ్ల పైపుకు, నా చెప్పుకు కూడా అదే కట్టు ఉంది. నా భర్త చెయ్యి. మిస్త్రీ నా ముఖం చూసి సంగతి గ్రహించాడు. ఎదుటివాడి వైరు చూస్తే తాతముత్తాతలను తిట్టే మనిషి ఆ రోజు ఒక్క మాట తిట్టలేదు.

“మీ ఆయన బండిని తన బరువుకు కట్టుకున్నడు. తను పోయినంక నువ్వు కూసుంటవని ఆయనకేం ఎరుక?” అన్నాడు మెల్లగా.

పట్టీని విప్పి, గేర్ల పెట్టె మీద కొత్త బోల్టుకు చోటు చూసి, రంగు పోయి ఇనుము తెల్లగా మెరిసేదాకా ఆకురాయితో గీకి బిగించాడు. ఒళ్లో ఏమీ లేకుండా తిప్పాను. లేచింది. బావ తల గోక్కుంటూ, “ఏమో మిస్త్రీ, సాయిబు చెయ్యి పడ్డది, దోషం పోయింది” అన్నాడు. “మల్ల గదే! దోషం గాదు బావా, బోల్టు!” అని మిస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత సంచి సర్దుకుంటూ నాతో అన్నాడు: “మా దిక్కు లేవని కాదు చెల్లె గిసొంటివి. పిల్లి అడ్డమొస్తె మా అమ్మ గూడ ఇంట్లకొచ్చి కూసుంటుండె. కని రోగం చెప్పేటప్పుడు సిగ్గుపడి దేన్ని దాస్తవో, గదే ముందుగాల చెప్పాలె. దొంగ ఎప్పుడు గాడనే ఉంటడు.”

ఆ తర్వాత నేనే దున్నాను. బండికి చిన్న రోగం వచ్చినా కోరుట్లకు పోయేదాన్ని. ఆయన నన్ను తిడుతూనే నేర్పాడు. ఒకసారి గుంతల్లో పడ్డప్పుడల్లా ముందు లైట్లు ఆరిపోతుంటే, ఆయన చెప్పినట్టే లైట్లు వేసి, వైరును ఒక కొస నుంచి వేళ్ల మధ్య నలుపుకుంటూ పోయాను. స్టీరింగు కింద ఒకచోట నలిపితే లైటు కన్ను కొట్టింది. పైన తోలు బాగానే ఉంది, లోపల రాగి తెగింది. నేనే కోసి ముడివేసుకున్నాను. ఆ సంగతి చెబితే ముడి సరిగా లేదని విప్పి మళ్లీ వేశాడు. నేను దుకాణం దాటగానే మాత్రం, “గామె నా షాగిర్దు” అని, తన శిష్యురాలినని పక్కవాళ్లకు చెప్పుకోవడం నా చెవిన పడింది.

ఉద్యమం ఇంకా నడుస్తూనే ఉంది. ఒకరోజు కోరుట్ల రోడ్డు మీదనే వంటలు వండి తినాలని పిలుపు వచ్చింది. మా ఊరి ఆడవాళ్లను, గిన్నెలను, బియ్యం సంచులను ట్రాలీలో ఎక్కించుకుని నేనే నడుపుకుంటూ పోయాను. రోడ్డు మీద పొయ్యిలు వెలిగాయి. మధ్యాహ్నం వేళ గౌస్ మిస్త్రీ కొడుకు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. అబ్బాకు ఛాతీలో నొప్పి, ఫోన్లు కలుస్తలేవు, ఒక్క బండి కదులుతలేదు అన్నాడు. ఉద్యమం ట్రాక్టరును మాత్రం ఎవరూ ఆపరు. ఆయన్ను తెచ్చి గడ్డి మీద పడుకోబెట్టారు. నేను ఎక్కి తాళం పెట్టాను. అప్పుడు నా లోపల ఏదో టక్ మంది. పోయే ప్రాణం ముందు నా చెయ్యి ఎందుకు అనిపించింది. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. గోడ మీద ఆడవాళ్లు లేరు. బావ గిన్నె దగ్గర అన్నం కలుపుతున్నాడు. ఆ మాటను నాకు నేనే అనుకున్నాను. నేనే బావను పిలిచాను. మిస్త్రీ నన్ను అడిగిందీ, నేను జవాబు చెప్పిందీ అప్పుడే.

బండి జగిత్యాలకు ఎక్కడా ఆగకుండా పోయింది. అక్కడే, ఆ వారంలోనే గౌస్ మిస్త్రీ చనిపోయాడు. ఎవరు నడిపినా అంతే అయ్యేది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన బావ తాళంచెవి నా చేతిలో పెడుతూ, “నువ్వే నడుపుతవనుకున్న. ఎందుకు దిగినవ్ రాజవ్వా? గా బోల్టు మంచిగనే ఉన్నది గద” అన్నాడు. బావ కూడా బోల్టును నమ్మాడు. ఆ వాకిట్లో చూసిన వాళ్లందరూ నమ్మారు. నమ్మనిది నేనొక్కదాన్నే. ఇనుములో తెగిన చోటును మిస్త్రీ వెతికి అతికించి పోయాడు. నాలో తెగిన చోటు ఉందని చివరి చూపులో కనిపెట్టాడు, కానీ దాన్ని అతికించడానికి ఆయనకు పొద్దు లేకపోయింది.

ఇప్పుడా బండి లేదు, దున్నే ఓపిక నాకూ లేదు. ఆయన చెప్పిన ఒక్క మాట ఉంది, సిగ్గుపడి దాచేదే ముందుగా చెప్పాలని. అందుకే చెబుతున్నాను. స్వప్న ఇవాళ మధ్యాహ్నం బస్సుకు జగిత్యాల పోతోంది, కొత్త నౌకరీలో చేరడానికి. పొద్దున మా మరదలు నా దగ్గరికి వచ్చి, “వదినా, పిల్ల ఎల్లేటప్పుడు జర ఎన్క అర్రల కూసో, ముంగట గాలి తలుగుతది నీకు” అంది. ప్రేమగానే అంది. వెనక గదిలో కూర్చోవడానికి సరే అన్నాను. ఆ సరే అన్నది నేనే. సందులో ట్రాక్టరు చప్పుడుకు తలుపు వెనక దాక్కున్నదీ నేనే.

“ఇగ రాసుడు ఆపు బిడ్డా. మొదటి నుంచి సదివి ఇనిపియ్యి, సిగ్గుగున్న కాడ గూడ ఆగకుండ సదువు. ఇన్నంక నేనచ్చి గడపల నీకెదురుంగ నిలబడుత. నా మొకం సూసుకుంటనే బయలెల్లు. సదువు.”